మట్టితో పాటు పంపిన పూతరేకులు

మా మావయ్య జన్మలో ఎవరింటికీ ఒట్టి చేతులతో వెళ్ళలేదు. పలకరింపుకి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, ఆఖరికి తన మీద కేసు పెట్టినవాడి ఇంటికి రాజీకి వెళ్ళినా చేతిలో ఒక పనసకాయో, అరటిపళ్ళ అత్తమో ఉండాల్సిందే. ఈ అలవాటు ఎవరికీ చెరుపు చేసేది కాదని నేను చాలాకాలం నమ్మాను. దాని మూలంగా మూడు దేశాల్లో జరిగిన ఒక పరీక్ష మా ఊరి అరుగు మీద వీగిపోతుందని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు.

నేను అమలాపురంలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మావయ్య మా అమ్మకి అన్న. ఓడలరేవు వెళ్ళే దారిలో, సముద్రానికి దగ్గర్లో ఆయనకి ఎకరంన్నర వరిచేను ఉండేది. గన్నవరం అక్విడెక్టు దాటి వచ్చే గోదావరి కాలువ నీళ్ళు మా శివారుకి చేరేసరికి, పైవాళ్ళందరూ కడుపునిండా తాగగా మిగిలినవే వచ్చేవి. అయినా పండేది. చేను మూలన ఒక నీళ్ళగుంట ఉండేది. నారుమడికి అందులోంచే తోడుకునేవారు. చిన్నప్పుడు ఆ గుంటలో నీళ్ళు నేను దోసిలి పట్టి తాగాను. అమ్మ చూసి వీపు మీద ఒకటి వేసింది కాబట్టి బాగా గుర్తు.

తర్వాత పక్క పొలాలు రొయ్యల చెరువులయ్యాయి. వాటిలోకి ఉప్పునీళ్ళు తోడారు. కొన్నేళ్ళు తిరిగేసరికి మావయ్య చేలో కంకులు తాలుపోవడం మొదలైంది. గట్టు మీద కొబ్బరిచెట్లు మొవ్వు వాల్చేశాయి. గుంటలో నీళ్ళని గేదెలు కూడా ముట్టడం మానేశాయి.

"తమరి చెరువుల్లోంచి ఉప్పు ఊరతందండి" అని మావయ్య.

"తమరి చేను ముందునుంచీ ఉప్పు నేలేనండి" అని చెరువుల ఆసామి.

ఈ ఆసామి కూడా మాకు చుట్టమే. మావయ్యకి వరసకి బావమరిది. మా వైపు తగాదా కూడా 'అండీ' పెట్టుకునే నడుస్తుంది. దూరం నుంచి చూసినవాళ్ళు, ఇద్దరూ వియ్యమందుకునే మాటలు మాట్లాడుకుంటున్నారనుకుంటారు. ఒకరి గొంతు ఒకరు పట్టుకునే రోజొస్తే ముందు "తమరు అలా కూర్చోండి" అంటారని నా గట్టి నమ్మకం.

చివరికి వ్యవహారం పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళింది. వాళ్ళకి పెద్ద మా లెక్కల మాస్టారు. రిటైరై చాలాకాలమైంది. ఊళ్ళో సగం మందికి, నాతో సహా, ఎక్కాలు నేర్పింది ఆయనే. ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయన అరుగు మీద తగవులు తీరుస్తారు. ఆయన ఒక మాట అన్నారు: మావయ్య చేను పూర్వం మంచినీళ్ళదేనని రుజువైతే పక్కనున్న రెండు చెరువులూ మూయించేద్దాం, రుజువు కాకపోతే ఇక ఈ మాట ఎత్తొద్దు. చెరువుల ఆసామి కూడా దానికి ఒప్పుకున్నాడు.

సాక్షుల్ని పిలిచారు. గుంటలో మంచినీళ్ళు తాగామని చెప్పినవాళ్ళు ఎంతమందో, అబ్బే అవి ముందునుంచీ ఉప్పగానే ఉండేవని చెప్పినవాళ్ళూ అంతమందే తేలారు. ఎవరు ఎవరికి చుట్టమో తెలిస్తే ఎవరి నాలుక మీద ఉప్పుందో ముందే చెప్పొచ్చు. అప్పుడు మావయ్య లేచి, "మా మేనకోడలు కెమిస్ట్రీ అండి. అది తేల్చేస్తాది" అన్నాడు. అలా నేను ఇరుక్కున్నాను.

తేల్చడానికి దారి లేకపోలేదు. నీళ్ళలో కంటికి కనిపించని నాచు ఒకటి ఉంటుంది. డయాటం అంటారు. అది తన చుట్టూ గాజులాంటి పెంకు కట్టుకుంటుంది. ఆ పెంకంతా సిలికా. ఇసుకలో ఉండేదే, కాకపోతే దీన్ని ఒక ప్రాణి చేసుకుంది. పెంకు కట్టుకునేటప్పుడు ఆక్సిజన్ని చుట్టూ ఉన్న నీళ్ళలోంచి తీసుకుంటుంది. ఆక్సిజన్లో తేలికదీ బరువైనదీ అని రకాలున్నాయి. వాటినే ఐసోటోపులు అంటారు. సముద్రపు నీళ్ళలో బరువైనది కాస్త ఎక్కువ, కాలువ నీళ్ళలో తక్కువ. నాచు చచ్చిపోయినా పెంకు మట్టిలో ఉండిపోతుంది. కాబట్టి గుంట అడుగు నుంచి పాత మట్టి తీసి, పెంకులు వేరుచేసి, ఆక్సిజన్ కొలిస్తే ఆనాటి నీళ్ళేవో తెలుస్తుంది. పైగా డయాటంకి ఊళ్ళో ఎవరితోనూ చుట్టరికం లేదు. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి అదే.

గుంటలోకి ప్లాస్టిక్ పైపు దించి మట్టి తీశాం. చెరువులు రాకముందు పేరుకున్నది అడుగున, వచ్చాక పేరుకున్నది పైన. రెండూ వేరువేరుగా కాలేజీకి తెచ్చి, ఆసిడ్‌తో కడిగి, పెరాక్సైడ్‌లో మరిగించి, జల్లెడపట్టి, బంకమట్టిని వదిలించడానికి నానా చాకిరీ చేస్తే, ఆఖరికి మైదాపిండి కంటే తెల్లటి పొడి మిగిలింది. ఒక సీసా మీద 'పాత మట్టి' అని, ఇంకో సీసా మీద 'కొత్త మట్టి' అని రాశాను. అది కొలిచే మిషను మా కాలేజీలో లేదు. మా కాలేజీలో ఆక్సిజన్ అంటే బోర్డు మీద రాసి చూపించేదే. అందుకని మూడు ల్యాబులకి పంపాలనుకున్నాను. ఒకటి మన దేశంలోనే, ఉత్తరాన. ఒకటి చలిదేశంలో. ఇంకోటి సముద్రాల అవతల. ఒక్క ల్యాబు మాట ఎవరూ నమ్మరని, ముగ్గురు చెబితే ఎదురుండదని అప్పట్లో నా ఆలోచన.

పొట్లాలు కట్టే రోజున మావయ్య అమలాపురం బస్సు దిగాడు. చంకలో మూడు పెట్టెలు.

"ఏంటి మావయ్యా అవి?"

"పూతరేకులే. ఆత్రేయపురం మనిషిని పంపి తెప్పించేను. మన పని మీద అంత పెద్దోళ్ళు కష్టపడతారు. ఉత్తి మట్టి పంపితే ఏం బావుంటదే?"

ల్యాబులకి అలా పంపరని చెప్పాను. పరీక్ష చేసేవాళ్ళు మన చుట్టాలు కారని చెప్పాను. మావయ్య అన్నిటికీ "ఆయ్" అన్నాడు. మా వైపు ఈ మాట విన్నామనడానికి వాడతారు గానీ, వింటామనడానికి కాదు. పెట్టెలు మాత్రం చంకలోంచి దిగలేదు.

కొరియర్ ఆఫీసులో కుర్చీలో ఉన్నాయన సీసాని దీపానికి అడ్డంపెట్టి చూశాడు.

"ఏంటండీ ఈ తెల్లపొడి?"

"మట్టండి."

"మట్టి ఇంత తెల్లగా ఉంటదేంటండీ?"

"కడిగామండి."

ఆయన నన్నూ, సీసానీ, మావయ్యనీ మార్చిమార్చి చూశాడు. మట్టి కడిగి విదేశాలకి పంపే మనిషిని ఆయన అంతవరకూ చూసి ఉండడు. మావయ్య కల్పించుకుని, "మా మేనకోడలండి, లెక్చరరు" అని, నమ్మకం కలగడానికి ఒక పూతరేకు తీసి ఇచ్చాడు. అది తిన్నాక ఆయనకి అనుమానం తగ్గింది. తిండి వస్తువులు దేశం దాటి వెళ్ళవని మాత్రం కచ్చితంగా చెప్పాడు. మన దేశంలో ల్యాబుకి వెళ్ళే పొట్లంలోనే ఒక పెట్టె పెట్టించి, మిగతా రెండిటినీ మావయ్య ఆ కొరియర్ ఆఫీసులోనే పంచిపెట్టాడు.

కొన్ని నెలలకి ఫలితాలు ఒక్కొక్కటే వచ్చాయి. మన దేశపు ల్యాబు పెద్దాయన స్వయంగా ఫోన్ చేశారు. మావయ్య అప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి స్పీకర్లో పెట్టాను. పాత మట్టి మంచినీళ్ళదేనని, కొత్తది ఉప్పునీళ్ళదని చెప్పి, "మీ స్వీటు చాలా బాగుంది. కాగితమనుకుని కొంత పారేశాం, తర్వాత తెలిసింది" అన్నారు. మావయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మంచినీళ్ళన్నందుకో, పారేసినందుకో నాకు తెలియలేదు. ఆ మర్నాటికల్లా ఈ ఫోన్ సంగతి ఊరంతా చెప్పేశాడు, పూతరేకులతో సహా.

తర్వాత చలిదేశం నుంచి వచ్చింది: పాత మట్టి ఉప్పా, మంచినీళ్ళా చెప్పడం కష్టం. ఆ తర్వాత అవతలి దేశం నుంచి: పాత మట్టి కూడా ఉప్పే. ఒకే సీసాలోంచి తీసిన పొడికి మూడు ల్యాబులు మూడు అంకెలు చెప్పాయి. అంకె ఎంత పెద్దదైతే నీళ్ళు అంత ఉప్పన్నట్టు. నేను ముగ్గురికీ రాశాను. ముగ్గురూ ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. తమ పద్ధతిలో లోపమేమీ లేదని, మిగతా ఇద్దరి పద్ధతి మీద తమకి ఎంతో గౌరవముందని, కానీ వాళ్ళు పొరబడ్డారని. ఇది చదివాక మా కోనసీమ ఎంత దూరం వ్యాపించిందో నాకు అర్థమైంది.

కిటుకు ఎక్కడుందంటే, డయాటం పెంకు పైపొరలో కొంచెం తేమ అంటుకుని ఉంటుంది. అందులోనూ ఆక్సిజన్ ఉంటుంది, కానీ అది పాతకాలపు నీళ్ళది కాదు, నిన్నా మొన్నా గాలిలోంచి చేరినది. దాన్ని వదిలించి లోపలిది కొలవాలి. ఒక ల్యాబు వేడిచేసి వదిలిస్తుంది. ఒకటి ఘాటైన వాయువుతో పైపొర ఒలిచేస్తుంది. ఇంకోటి ఒలవకుండా లెక్కలో తీసేస్తుంది. ఎవరు ఎంత ఒలిచారన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. కానీ ఒక్క సంగతి మాత్రం మారలేదు. మూడు ల్యాబుల్లోనూ పాత మట్టి కంటే కొత్త మట్టి అంకె ఎక్కువే వచ్చింది. ఎంత ఎక్కువన్నది కూడా మూడింట్లోనూ ఇంచుమించు ఒక్కటే. అంటే చెరువులొచ్చాక గుంట నీళ్ళు మారాయి. ఇంతకంటే రుజువు ఏం కావాలి? గుండె నిండా ధైర్యంతో ఆదివారం మాస్టారి అరుగెక్కాను.

మాస్టారు మొదట అడిగింది గీత. "ఎంతలోపు వస్తే మంచినీళ్ళు, ఎంత దాటితే ఉప్పు? గీత ఉండాల కదమ్మా?"

"అలా అన్ని ల్యాబులకీ ఒక గీత ఉండదండి మాస్టారూ. ఏ ల్యాబు కొలత ఆ ల్యాబుదే."

"గీత లేకుండా తగవెలా తీరతాది?"

ఏదో ఒకటి చెప్పకపోతే వదిలేలా లేరని, ఎక్కడో చదివిన అంకె ఒకటి చెప్పి, అది మన పెంకులకి సరిపడదని కూడా చెప్పాను. మాస్టారు మొదటి సగం విని సుద్దముక్కతో అరుగు మీద గీత గీశారు. గీతకి ఈ పక్కన ఒక ల్యాబు, ఆ పక్కన ఒకటి, ఇంచుమించు దానిమీదే ఇంకోటి.

అరుగు పక్కన కొబ్బరికాయల రాశి ఉంది. అందులోంచి ఒక చిన్నకాయ, ఒక పెద్దకాయ తీసి నా పాఠం మొదలుపెట్టాను. "ఈ రెండు కాయల్నీ ఒకరు డొక్కతో, పైపీచుతో సహా తూచారనుకోండి. ఒకరు డొక్కంతా వలిచి తూచారు. ఒకరు కాస్త పీచు ఉంచి తూచారు. బరువులు కలుస్తాయా? కలవవు. కానీ ముగ్గురిలో ఎవర్నడిగినా ఇది చిన్నకాయ, అది పెద్దకాయ అనే చెబుతారు కదండీ. మనకి కావల్సింది అదే."

"ఆయ్" అన్నారు పెద్దమనుషులందరూ. నా జీవితంలో అంత బాగా పాఠం చెప్పలేదనుకున్నాను. అంతలో ఒకాయన "ఇంతకీ కాయ ఇప్పుడు ఎలా ఉందండీ రేటు?" అన్నాడు. ఇక చూడండి. అంబాజీపేట మార్కెట్టు, తెల్లదోమ, ఎండు కొబ్బరి, తమిళనాడు కాయ, అన్నీ అరుగెక్కాయి. ఐసోటోపులు ఒక మూల కూర్చున్నాయి. కాఫీలు వచ్చి వెళ్ళాక గానీ మాస్టారికి మేమెందుకొచ్చామో గుర్తుకు రాలేదు.

"కొత్త మట్టి సంగతి వదిలెయ్యమ్మా" అన్నారాయన. "ఇప్పుడు ఉప్పేనని అందరూ ఒప్పుకున్నదే కదా. మనం అడిగింది పాత మట్టి గురించి."

"రెండూ కలిపి చూస్తేనే మాస్టారూ..."

అప్పుడు చెరువుల ఆసామి గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాటండి. నేను ఎవర్నీ అనడం లేదండి. మంచినీళ్ళని చెప్పిన ల్యాబుకి బావగారు పూతరేకులు పంపేరటండి."

మావయ్య కాదంటాడేమోనని నేను ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఆయ్, పంపేనండి. ఆత్రేయపురం సరుకండి. నెయ్యి దండిగా వేయించేను."

"మరి మిగతా రెంటికీ?"

"పంపుదావనే అనుకున్నానండి. కొరియరాయన ఒప్పుకోలేదు."

పూతరేకులు తిన్న ల్యాబు మంచినీళ్ళంది. తినని రెండూ అనలేదు. ఇంత తేలిగ్గా అర్థమయ్యే ఫలితం నేను తెచ్చిన కాగితాల్లో ఒక్కటీ లేదు. పెట్టె వెళ్ళింది ఆఫీసు గదిలోకి, సీసా వెళ్ళింది మిషను గదిలోకి, మిషనుకి నోరుండదు అని నేను అరిచినంత పనిచేశాను. "ఆయ్, అంతేనమ్మా" అన్నారు అందరూ, జాలిగా.

మాస్టారు చెయ్యెత్తారు. "పూతరేకుల మాట నేను పట్టించుకోను. పెద్దాయన మర్యాద కొద్దీ పంపేడు. అలాగని ఆ ఒక్క ల్యాబునే నమ్మడం కూడా బాగోదు. మూడూ కూడి మూడు పెట్టి భాగిద్దాం."

ఆయన వేళ్ళ మీద లెక్కేశారు. సరాసరి వచ్చి సరిగ్గా గీత మీద కూర్చుంది. మాస్టారి ముఖంలో అంత ఆనందం నేను పదోతరగతి పాసైనప్పుడు కూడా చూడలేదు. సరాసరి కట్టడం నాకు నేర్పింది ఆయనే. మామిడిపళ్ళకి కట్టొచ్చు, మార్కులకి కట్టొచ్చు. ముగ్గురు మూడు రకాలుగా ఒలిచి కొలిచిన అంకెలకి కట్టకూడదు.

"తప్పండి మాస్టారూ" అన్నాను.

ఆ అరుగు మీద ఆ మాట అంతకుముందు ఎవరూ అని ఉండరు. మాస్టారు నొచ్చుకోలేదు. నవ్వి, "బాగా చదివించేనమ్మా నిన్ను" అన్నారు. అంతటితో నా వాదన అయిపోయింది.

తీర్పు ఇది. పాత మట్టి అటూ కాదు, ఇటూ కాదు కాబట్టి ఉప్పు సగం ముందునుంచీ ఉన్నదే, సగం చెరువుల వల్ల వచ్చింది. అంచేత చెరువులు మూయక్కర్లేదు. చేనుకీ చెరువులకీ మధ్యన ఒక బోదె కాలువ తవ్వితే సరి. సగం ఆయన తవ్విస్తాడు, సగం ఈయన. ఎవరి మనసూ నొప్పించకుండా తీర్చిన తగవని అందరూ మెచ్చుకున్నారు. ఉప్పునీళ్ళు కూడా మర్యాద తెలిసినవైతే బోదె దగ్గర ఆగిపోయేవి.

"ఏవంటావ్?" అని మావయ్యని అడిగారు మాస్టారు.

"ఆయ్. అలాగేనండి" అన్నాడు మావయ్య.

ఇంటికి నడుస్తూ ఆయన్ని నేను అనని మాట లేదు. ఒళ్ళు మండిపోయింది నాకు. నీ చేను పోతుంటే నీకు చీమకుట్టినట్టైనా లేదా అన్నాను. నీ మర్యాద నిన్ను ముంచుతుందన్నాను. ఆయన తలవంచుకుని విన్నాడు. "మాస్టారి మాట కాదంటే ఏం బావుంటదే?" అన్నాడు చివరికి. నాలుగడుగులు వేసి, "నువ్వు కాయలతో చెప్పింది మట్టుకు నాకు బాగా అర్థమైందే" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

బోదె తవ్వారు. అందులోనూ ఉప్పునీళ్ళే నిలిచాయి. ఇంకో రెండు పంటలకి మావయ్య నారు ఊడ్చాడు, తాలు కోశాడు. ఆ తర్వాత ఎకరంన్నరా ఆ బావమరిదికే చెరువుకి లీజుకిచ్చేశాడు. మిషను వచ్చి గుంట దగ్గరే తవ్వకం మొదలుపెట్టిందట. పై మట్టీ అడుగు మట్టీ కలిపి ఎత్తి చుట్టూ గట్టు పోశారు. నేను చూడ్డానికి వెళ్ళలేదు.

ఈ మధ్య మూడు ల్యాబులవాళ్ళూ కలిసి రాసిన మెయిల్ వచ్చింది. నా మట్టి మీద వచ్చిన తేడా చూసి వాళ్ళలో వాళ్ళకే పట్టుదల పెరిగిందట. అందరూ ఒకే పొడి పంచుకుని, ఎవరు ఎంత ఒలుస్తున్నారో చూసుకుని, అంకెలు సరిచేసుకున్నారు. ఇప్పుడు ముగ్గురిదీ ఒకే మాట. పాత మట్టి మంచినీళ్ళదే, ఇందులో సందేహం లేదు. ఇంకో విన్నపం కూడా ఉంది. నా పాత మట్టి ఎన్నిసార్లు కొలిచినా మాట మార్చడం లేదట. ఇకమీద ల్యాబులన్నీ తమ మిషన్లు సరిచూసుకోవడానికి దాన్నే దగ్గర పెట్టుకుంటాయట. దయచేసి ఇంకొంచెం పంపమని అడిగారు. నా దగ్గరున్న సీసా ఎప్పుడో ఖాళీ అయింది.

బస్సెక్కి మావయ్య దగ్గరికి వెళ్ళాను. చెరువు గట్టు మీద, మొవ్వు లేని కొబ్బరిమొద్దు పక్కన నులకమంచం వేసుకుని కూర్చున్నాడు. బావమరిది రొయ్యలకి కాపలా.

"ల్యాబులవాళ్ళు ఒప్పుకున్నారు మావయ్యా. మన గుంట మంచినీళ్ళదేనంట."

"ముగ్గురూనా?"

"ముగ్గురూ."

తువాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "మాస్టారికి చెప్పేవా?"

"చెప్పాను. చాలా సంతోషమమ్మా అన్నారు."

"ఆయ్" అన్నాడు.

"ఇంకా కొంచెం పాత మట్టి ఉంటే పంపమన్నారు."

ఇద్దరం చెరువు వైపు చూశాం. గుంట ఉన్నచోట ఏరియేటర్ చక్రం తిరుగుతూ నీళ్ళు పైకి చిమ్ముతోంది. గాలికి ఆ తుంపర మా మీద పడుతోంది, పెదాల మీద ఉప్పగా తగులుతోంది.

"అంత దూరం నుంచి అడిగినోళ్ళకి లేదని ఎలా చెప్తావే" అన్నాడు మావయ్య. "పూతరేకులు పంపించెయ్."

"ఆయ్" అన్నాను.